మేరీ షార్లీబు దొరసాని

మన మహాసభా సంచికలయందు వెలమ కులమున జన్మించిన మహనీయుల చరిత్రములను ప్రకటించుట పరిపాటి. ఈ యేడు మన కులమున జన్మింపకపోయినను, మన వంటి కుటుంబముల స్త్రీల ప్రాణములు నిలుపుటకై పాటుపడిన యొక యాంగ్లవనిత చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

మేరీ 1845లో లండను నగరమున జన్మించెను. ఆమె పుట్టిన కొలది దినములకే తల్లి గతించెను. 1865లో విలియం షార్లీబు అను న్యాయవాదిని వివాహమాడి, మఱుసటి యేడు చెన్నపట్టణము చేరెను.

ఆ నగరమున వైద్యాలయములు లేకపోలేదు. కోటలో 1664లో వెలసిన యాసుపత్రియే క్రమముగా జనరల్ ఆసుపత్రి యయ్యెను. 1844లో ప్రసూతి వైద్యశాలయు నేర్పడెను. కాని గోషా పాటించు స్త్రీలు పురుషవైద్యుని యెదుటికి రారు. కాన్పు కష్టమైనపుడు వారికి మంత్రసానియే దిక్కు. ఆమెకు చేతగానిచో తల్లీబిడ్డలు లోపలి గదిలోనే కన్నుమూయవలసినదే. మన జమీందారీ గృహములయందును గోషా యుండెనని వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఈ దుఃఖవార్తలు విన్న మేరీ, బిడ్డల తల్లి యయ్యును విద్యార్థిని కాదలచెను. మొదట ప్రసూతి వైద్యశాలలో మంత్రసానితనము నేర్చెను. పిమ్మట సర్జన్ జనరల్ బాల్ఫరు దొర ప్రోత్సాహమున, 1875లో మఱి ముగ్గురు స్త్రీలతో గూడ మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను. 1878లో పట్టా పొంది, ఇంగ్లండునకు బోయి 1882లో లండను విశ్వవిద్యాలయ వైద్యపట్టమును గైకొనెను. విక్టోరియా రాణి దర్శనము చేసికొని 1883లో మరల చెన్నపట్టణము వచ్చెను.

1885లో నుంగంబాకమున కులస్త్రీలకును గోషాస్త్రీలకును ప్రత్యేకముగా నొక యాసుపత్రి నెలకొల్పెను. దానికి రాణిగారి నామమే యుంచబడెను. ఆ సంస్థకు వేంకటగిరి ప్రభువులు, మన కులభూషణులు, శ్రీ రాజా వెలుగోటి రాజగోపాలకృష్ణ యాచేంద్ర బహద్దరువారు లక్ష రూపాయలు దయచేసిరి. 1890లో ఆసుపత్రి చేపాక్కమునకు మాఱెను. జనులు దానిని గోషా ఆసుపత్రి యనిరి.

అప్పటికే దొరసాని యనారోగ్యముచే 1887లో స్వదేశమున కేగియుండెను. అచ్చట 1888లో లండను విశ్వవిద్యాలయమున ఎం.డి. పట్టము నందిన ప్రథమ మహిళ యయ్యెను. 1926లో డేమ్ బిరుదము నంది, 1930లో పరమపదించెను.

ఆమె ఆచారము మాఱువఱకు వేచియుండలేదు. పరదా లోపలికి బోగల వైద్యురాలు తానే యయ్యెను. ఒకరి విద్యకు వేఱొకరి ధనము తోడైనది. కులమునకును గోషాకును ఏర్పడిన యా వైద్యశాల 1948లో కస్తూర్బా గాంధీ నామము దాల్చినది.

లక్ష యీయగలవారు కొందఱే. వైద్యము చదువగోరు నొక పేదబాలికకు జీతము కట్టగలవారు మనలో ననేకులు. మహాపోషకు లీ విషయము నాలోచింతురుగాక యని ప్రార్థించుచున్నాము.