బ్రౌన్ దొర సంతోషం

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను కొంత వెనకాడిన మాట నిజం. ముప్ఫై నాలుగేళ్లు రెవెన్యూ ఫైళ్ల మీద నోట్లు రాసిన చేయి గాని, వ్యాసాలు రాసిన చేయి కాదు నాది. అయితే మొన్నటి నెలవారీ సమావేశంలో టీ తాగే వేళ ఇద్దరు మిత్రుల మధ్య జరిగిన వాదన నా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తోంది.

మొదటి మిత్రుడు గీతా ప్రవచనాలు క్రమం తప్పక వినేవాడు. సంతోషమంతా మన లోపలే ఉందనీ, బయట ఏమి జరిగినా దానికి సంబంధం లేదనీ ఆయన వాదన. రెండవ మిత్రునికి డి.ఏ. బకాయిలు రావలసి ఉన్నాయి. అవి ముందు బ్యాంకులో పడితే, ఆ తరువాత తీరిగ్గా కూర్చుని లోపల వెతుక్కుంటానని ఆయన జవాబు. అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను గాని ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను వదలలేదు.

నా భార్య పోయి అప్పటికి పదకొండు నెలలు. పరామర్శకు వచ్చిన వారిలో సగం మంది ఆ మొదటి మిత్రుని మాటే నాకు చెప్పి వెళ్లారు. మంచి మనసుతోనే చెప్పారు. కాని అది విన్న ప్రతిసారీ తప్పు నాదేననిపించేది. సంతోషం లోపలే పెట్టుకుని వెతుక్కోవడం చేతకాని వాణ్నేమోననిపించేది. పొద్దున్నే లేచి ఇద్దరికీ కాఫీ కలిపి, రెండో గ్లాసు చూసుకుని నిలబడిపోయేవాడికి ఆ ఉపదేశం ఏం పనికొస్తుంది?

ఆ ఆలోచనలోనే నాకు బ్రౌన్ దొర గుర్తుకొచ్చారు. కడపలో పనిచేసిన ఆరేళ్లలో ఆయన పేరు వినని వారం లేదు. పైగా ఆయన మన కోవలోని మనిషి. బదిలీలు, పై అధికారులతో పేచీలు, ఉద్యోగం ఊడడం, మళ్లీ చేరడం, చివరకు విశ్రాంత జీవితం, ఇవన్నీ చూసిన ప్రభుత్వోద్యోగి. ఆయన నిఘంటువు గురించి చాలామంది రాశారు. ఆయన సంతోషం ఎక్కడిదో చూద్దామన్నదే నా ప్రయత్నం.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అనేక భాషలు తెలిసినవాడు. కొడుక్కి చిన్ననాడే ఆ భాషల రుచి చూపించాడు. 1812లో తండ్రి చనిపోయేనాటికి పిల్లవాడికి పదమూడేళ్లు. కుటుంబం ఇంగ్లండు చేరింది. హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువుకు శిక్షణ పొంది, 1817లో బ్రౌన్ మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకు తెలుగు అక్షరం రాదు. కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర ఓనమాలు దిద్దుకున్నారు. పరీక్ష నెగ్గి 1820లో కడప కలెక్టరుకు సహాయకుడిగా వెళ్లారు.

అక్కడి నుంచి మొదలయ్యాయి బదిలీలు. 1822లో మచిలీపట్నం, 1825లో రాజమండ్రి, 1826లో మళ్లీ కడప. మనలో చాలామందికి బదిలీ ఉత్తరువు చేతికందిన నాడు అన్నం సహించేది కాదు. పిల్లల బడి, ఇంటి అద్దె, పాలవాడి ఖాతా, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగేవి. బ్రౌన్ దొరకు పెళ్లి లేదు, పిల్లలు లేరు, కాబట్టి ఆ బాధ లేదనవచ్చు. కాని ఇంటికి వస్తే పలకరించే దిక్కు లేకపోవడం కూడా చిన్న సంగతేమీ కాదని నాకిప్పుడు తెలుసు.

మచిలీపట్నంలో ఉండగా 1824 ప్రాంతంలో ఆయనకు దుబాయి అనే ఫ్రెంచి ఫాదిరీ రాసిన పుస్తకంలో వేమన పేరు కనబడింది. అంతే, ఆ పద్యాల ప్రతుల కోసం మనుషులను పంపడం మొదలుపెట్టారు. దొరికిన తాటాకులన్నీ తప్పులతడకలు. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకొకదాంట్లో ఉండదు, ఉన్నా పాఠం వేరు. వాటిని పక్కపక్కన పెట్టి సరిచూసి, ఏరి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించారు. అందులో 693 పద్యాలు ఉన్నాయి. 1839 నాటి రెండవ కూర్పులో ఆ సంఖ్య 1164కు పెరిగింది.

కడపలో ఒక బంగళా కొని పండితులను చేర్చారు. జీతాలు తన సొంత డబ్బుతోనే. ఒకే గ్రంథానికి నాలుగైదు ప్రతులు తెప్పించడం, లేఖకుల చేత రాయించడం, పండితుల చేత పాఠాలు సరిచూపించడం, వ్యాఖ్యానం రాయించడం, ఇదీ అక్కడి పని. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. జూలూరి అప్పయ్య గారి వంటి పండితులు ఆయన కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. దొర వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నా ఇక్కడ పని సాగుతూనే ఉండేది. కడపలోనూ మచిలీపట్నంలోనూ ఉచితంగా చదువు చెప్పే బడులు కూడా పెట్టారు. జీతం చాలక అప్పులు చేశారు. అప్పు చేసి ఇల్లు కట్టినవాళ్లను, పెళ్లిళ్లు చేసినవాళ్లను మనం ఎరుగుదుం. తాటాకులు కొన్నవాణ్ని నేను ఆయన్నొక్కణ్నే ఎరుగుదును.

ఇంతవరకు చదివిన మొదటి మిత్రుడు తన వాదనే గెలిచిందని అనుకోవచ్చు. ఆయన కాస్త ఆగాలి. అసలు సంగతి గుంటూరులో ఉంది.

1832-33లో వచ్చిన నందన కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. మనుషుల డొక్కలు ఎండిపోయి ఎముకలు బయటపడ్డ కాలం అది. గుంటూరు జిల్లాలో అప్పటి జనాభా సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నరకు పైగా చనిపోయారని అంచనా. తిండి కోసం మద్రాసు దారి పట్టిన వాళ్లలో ఎందరో ఆ బాట పక్కనే పడిపోయారు. ఆ రోజుల్లో బ్రౌన్ గుంటూరులో ఉద్యోగం చేస్తున్నారు. సర్కారు కాగితాల్లో అలాంటి సంగతులను ధాన్యం కొరత అని మెత్తగా రాసే అలవాటు ఉండేది. మనకు తెలియని విద్యా అది? ఎన్ని నివేదికల్లో ఎన్ని మెత్తని మాటలు వాడలేదు మనం! బ్రౌన్ మాత్రం కరువును కరువనే రాశారు. మద్రాసులో కొందరు అధికార్లకు ఆ మాట రుచించలేదు.

వేమనను అయిదారేళ్లు ఒంటబట్టించుకున్న మనిషి ఆయన. ధనం మీద ఆశ వదులుకోమని, మనసును అదుపులో పెట్టుకోమని చెప్పే పద్యాలు ఆయన చేతి కింద వందలుగా ఉన్నాయి. ఆకలితో చచ్చేవాళ్ల గురించి కాగితం రాయవలసి వచ్చినప్పుడు ఆ పద్యాల్లోని వైరాగ్యాన్ని ఆయన అందులోకి తేలేదు. గింజలు లేని జనానికి లేనిది గింజలే. ఆ తరువాత ధవళేశ్వరంలో గోదావరికి, బెజవాడలో కృష్ణకు ఆనకట్టలు కట్టాక ఆ డెల్టా ఊళ్ల ముఖాలు మారాయంటే, నీళ్లు పొలాల్లోకి వచ్చాయి గనుకనే మారాయి. మన రెండవ మిత్రుడు కోరుకునేవి వట్టి అంకెలని ఎవరైనా తేలిగ్గా అంటే నేను ఒప్పుకోను. నెలనెలా మందులు కొనుక్కోవలసిన వాడికి ఆ బకాయే గింజలు.

ఇంకొక మాట కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. పండితులకు బ్రౌన్ ఇచ్చిన జీతాలు తన జీతంలోంచి ఇచ్చినవే. ఆ జీతం ఎక్కడిది? రైతు కట్టిన శిస్తులోంచి వచ్చింది. కంపెనీ వాళ్లు పంట పోయిన ఏడు కూడా ఆ శిస్తును తేలిగ్గా వదిలేవాళ్లు కారు. దొర గారి సంతోషానికి కూడా బయటి ఆధారాలు చాలానే కావలసి వచ్చాయి. ఆ సంతోషం ఆయన హృదయంలో పుట్టిందేమో గాని, దానికి బంగళా కావాలి, దీపంలో చమురు కావాలి, పండితులు కావాలి, జీతం కావాలి.

ఆ జీతమే 1834లో ఆగిపోయింది. ఆయన్ను ఉద్యోగం నుంచి తొలగించారు. మరుసటి ఏడు ఇంగ్లండు వెళ్లిపోయారు. వయసు ముప్ఫై ఆరు. పెళ్లాంబిడ్డలు లేరు, కొలువు లేదు, అప్పులున్నాయి, పండితులు సముద్రానికి ఆవల ఉన్నారు. మనలో సస్పెన్షన్ అనుభవించిన వాళ్లు ఒకరిద్దరున్నారు, పేర్లు రాయను. ఆ నెలల్లో వాళ్లు వీధిలోకి రావడానికి మొహమాటపడిన సంగతి నాకు తెలుసు. బ్రౌన్ ఆ మూడేళ్లూ హాయిగా ఉన్నారని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆయన కోపిష్టి. తన పనిని లెక్కచెయ్యని వాళ్ల మీద ఆయనకు గుర్రుగా ఉండేది. చిరునవ్వు చెదరని ఋషి అని ఆయన గురించి ఎవరైనా రాస్తే నమ్మకండి.

కాని లండనులో ఆయన చేసిన పని చూడండి. కంపెనీ వారి గ్రంథాలయంలో దక్షిణ దేశపు భాషల రాతప్రతులు రెండు వేలకు పైగా పలకరించేవాళ్లు లేక పడి ఉన్నాయి. వాటిని పట్టించుకుని మద్రాసుకు తిరిగి చేర్పించడంలో ఆయన పాత్ర ఉంది.  నేను వ్యాసం రాస్తూ ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. కుర్చీ పోయినా, ఊరు మారినా, రేవు దాటినా ఆయన వెంట ఒక పని వెళ్లింది. అది బదిలీ ఉత్తరువులో రాసిన పని కాదు గనుక తొలగింపు ఉత్తరువులోనూ లేదు.

1838లో పారశీ అనువాదకుడిగా మళ్లీ మద్రాసు వచ్చారు. తరువాత పోస్టుమాస్టరు జనరల్ కూడా అయ్యారు. 1840లో తెలుగు వ్యాకరణం వచ్చింది. సేకరించిన రాతప్రతులను 1845లో మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశారు. ఇప్పుడవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. అదే ఏడు కచేరీల్లో వాడే మాటలకు జిల్లా నిఘంటువు, 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాలకు మిశ్రభాషా నిఘంటువు తెచ్చారు. ఈ చివరి రెండింటి గురించి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. జమాబందీ, ఫసలీ, పైమాషీ వంటి మాటలతోనే కదా నా జీవితమంతా గడిచింది! పండితులు చిన్నచూపు చూసిన ఆ కచేరీ మాటలకు కూడా ఆయన దగ్గర చోటు దొరికింది.

1855లో మద్రాసు విడిచి వెళ్లారు. ఆ తరువాత దాదాపు ముప్ఫై ఏళ్లు బతికారు. మనకు ముఖ్యమైన ముప్ఫై ఏళ్లు ఇవి. 1865లో లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యులయ్యారు. అప్పటికి అరవై ఆరేళ్లు. మరుసటి ఏడు తన సాహిత్య జీవితం గురించి తానే రాసుకున్నారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. లండనులో కెన్సాల్ గ్రీన్ శ్మశానంలో సమాధి చేశారు. కడపలో శిథిలమైన ఆయన బంగళా స్థలంలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో గ్రంథాలయం వెలసింది. అది ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగం. వీలున్న సభ్యులు తప్పక చూడవలసిన చోటు.

ఇక నా సంగతి. వాదన జరిగిన వారం తరువాత బ్రౌన్ నిఘంటువు పునర్ముద్రణ ప్రతి అటక మీది నుంచి దింపాను. మనుమరాలి పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద, సర్వీసులో నేను విన్న పాత రెవెన్యూ మాటలు, పల్లెల్లో కరణాలు, వెట్టివాళ్లు వాడినవి, ఒక్కొక్కటి రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికి రెండు వందల పదిహేను అయ్యాయి. పొద్దుటి కాఫీ దగ్గర ఇప్పటికీ కష్టంగానే ఉంది, అందులో మార్పేమీ లేదు. పదిగంటలకు నోటుబుక్కు తీస్తాను. మధ్యాహ్నం దాకా వేళ తెలియడం లేదు.

మొన్న బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వరుసలో నిలబడ్డాను. ముందున్న పెద్దాయన తండ్రి కరణం చేశారట. మాటల్లో ఆయన కడితం అన్నాడు. గుడ్డకు బొగ్గుపొడి, చింతగింజల జిగురు పట్టించి, మడతలు పెట్టి, బలపంతో లెక్కలు రాసుకునే పుస్తకమట. వాళ్లింట్లో చిన్నప్పుడు చూశాడట. పాసుబుక్కు జిరాక్సు వెనక ఆ మాట రాసుకుని, ఇంటికి వెళ్లగానే బ్రౌన్‌లో చూడాలనుకుంటూ ఉండగా కౌంటరులో నా పేరు పిలిచారు.