ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) హైదరాబాదు సంస్థానంలో పనిచేసిన బ్రిటిషు శస్త్రవైద్యుడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగాను, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతిగాను ఉన్నాడు. మత్తుమందుగా వాడే క్లోరోఫాం వలన మనిషి మరణిస్తే ముందుగా ఆగేది శ్వాసా, గుండెా అన్న ప్రశ్నకు సమాధానం వెదకడానికి 1888, 1889 సంవత్సరాలలో జరిగిన రెండు హైదరాబాదు క్లోరోఫాం కమీషన్లకు మూలపురుషుడు ఈయనే. ఆ కమీషన్ల వలన హైదరాబాదు పేరు ప్రపంచ వైద్య పత్రికలకెక్కింది. అయితే లారీ జీవితాంతం నమ్మిన సిద్ధాంతం మాత్రం చివరకు నిలువలేదు.

విద్యాభ్యాసము

లారీ ఎడిన్‌బరోలో వైద్యవిద్య అభ్యసించాడు. అక్కడ ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద శిష్యరికం చేశాడు. ఈయన జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ గురుశిష్య సంబంధాన్ని గుర్తుంచుకోవాలి. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు రోగి నాడిని పట్టుకొని కూర్చోవలసిన పని లేదని, ఊపిరిని మాత్రం రెప్పవేయకుండా గమనించాలని సైమ్ బోధించేవాడు. శిష్యుడు దానిని గురువాక్యంగా స్వీకరించాడు. తరువాత భారతదేశానికి వచ్చి ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, కొంతకాలం లాహోరు వైద్య పాఠశాలలో శస్త్రచికిత్సా శాస్త్రం బోధించి, 1885లో హైదరాబాదు చేరాడు.

వివాదానికి నేపథ్యము

క్లోరోఫాంను 1847లో ఎడిన్‌బరోలోనే జేమ్స్ యంగ్ సింప్సన్ వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరిలో, ఉత్తర ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీసే చిన్న శస్త్రచికిత్స కోసం ఈ మందు పీల్చి కొద్ది నిమిషాలలో మరణించింది. అటువంటి మరణాలు తరువాత కూడా అక్కడక్కడ జరుగుతూనే వచ్చాయి. లండను వైద్యుడు జాన్ స్నో ఇవి గుండె ఆగుటచే కలిగినవని భావించాడు. 1880 ప్రాంతంలో గ్లాస్గోలో పరిశోధించిన సంఘం కూడా క్లోరోఫాం రక్తపోటును ప్రమాదకరంగా తగ్గిస్తుందని తేల్చింది. ఎడిన్‌బరో వారు మాత్రం శ్వాస ఆగడమే కారణమన్నారు.

ఇది పండితుల వాగ్వాదంగా కనిపించవచ్చు. కాని బల్ల ప్రక్కన నిలబడి మత్తు ఇచ్చే వైద్యునికి ఇది ప్రాణాంతకమైన ప్రశ్న. అతడు చూడవలసినది రోగి ఛాతీనా, మణికట్టునా? ఒకదానిమీదే దృష్టి నిలిపి రెండవదానిని వదిలేస్తే కలిగే నష్టం రోగిదే.

మొదటి కమీషను (1888)

తన వాదాన్ని ప్రయోగాలతో నిరూపించాలని లారీ నిజాం ప్రభుత్వాన్ని కోరగా, 1888లో మొదటి కమీషను ఏర్పడింది. పాట్రిక్ హెహిర్ మొదలైనవారు ఇందులో పాల్గొన్నారు. నూటికి పైగా కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి పరిశీలించి, అన్ని సందర్భాలలోను ముందుగా శ్వాసే ఆగుతున్నదని ప్రకటించారు. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని అంగీకరించలేదు. దశాబ్దాల వాదాన్ని హైదరాబాదులో కొన్ని కుక్కలతో తేల్చివేయడం సాధ్యం కాదన్నది వారి అభ్యంతర సారాంశం.

రెండవ కమీషను (1889)

అప్పుడు నిజాం ప్రభుత్వం చేసిన పని ఆ రోజులకు అపూర్వమైనది. లాన్సెట్ పత్రికవారే ఒక శాస్త్రజ్ఞుని ఎంపికచేసి పంపవలసినదిగా కోరుతూ అందుకు వేయి పౌండ్లు ఇచ్చింది. పత్రిక ఎంపిక చేసినది లండను సెయింట్ బర్తలోమ్యూ ఆస్పత్రికి చెందిన థామస్ లాడర్ బ్రంటన్‌ను. గుండెనొప్పికి ఎమైల్ నైట్రైటు ఉపశమనమిస్తుందని 1867లో కనుగొన్నవాడు ఈయనే. క్లోరోఫాం గుండెను ఆపగలదని నమ్మేవాడు గనుక లారీకి ప్రతిపక్షమే. ఈ ఇద్దరితో పాటు జెరాల్డ్ బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీంలు సభ్యులు.

1889 అక్టోబరు చివరి నుండి డిసెంబరు వరకు పనిచేసి, కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి సుమారు 500 జంతువులపై ప్రయోగాలు చేశారు. వాటిలో వందకు పైగా ప్రయోగాలలో రక్తపోటును పరికరంతో నిరంతరంగా నమోదు చేశారు. అంత పెద్ద యెత్తున మత్తుమందుపై పరిశోధన అంతకు మునుపు జరుగలేదు. ఇన్ని మూగజీవాల ప్రాణాలు తీయడం నేటి పాఠకునికి కష్టంగా తోచవచ్చు. ఆనాటికి జంతుప్రయోగాలపై మన దేశంలో కట్టుబాట్లు లేవు.

ఫలితంగా బ్రంటన్ తన అభిప్రాయాన్ని మార్చుకొన్నాడు. క్లోరోఫాం ముందుగా శ్వాసనే ఆపుతుందని, గుండెకు నేరుగా ప్రమాదం లేదని కమీషను తీర్పు చెప్పింది. నివేదిక 1890లో లాన్సెట్‌లో వెలువడింది. గెలుపు తనదేనని లారీ భావించాడు.

ఖండనలు

నివేదిక వెలువడిన తరువాత కూడా ఆస్పత్రులలో క్లోరోఫాం మరణాలు ఆగలేదు. కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు ఒక జంతువు మెదడుకు వేరొక జంతువు రక్తం అందేలా ఏర్పాటు చేసి, క్లోరోఫాం గుండెపైననే నేరుగా పనిచేస్తుందని 1893లో చూపారు. అబర్డీనులోని జాన్ మాక్‌విలియం కూడా ఈ మందు గుండెను బలహీనపరుస్తుందని కనుగొన్నాడు. ఇదే మాక్‌విలియం 1889లోనే, అనగా హైదరాబాదులో రెండవ కమీషను జరిగిన సంవత్సరంలోనే, మనుషులలో ఆకస్మిక మరణానికి కారణం చాలాసార్లు గుండె జఠరికలు లయతప్పి కంపించడమేనని వ్రాశాడు. దానిని అప్పుడు పట్టించుకొన్నవారు తక్కువ.

అసలు చిక్కుముడిని విప్పినది గుడ్‌మన్ లెవీ. క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉన్న పిల్లులకు ఎడ్రినలిన్ ఇస్తే జఠరికలు కంపించి తక్షణం చనిపోతాయని ఈయన 1911లో చూపాడు. హైదరాబాదు ప్రయోగాలు ఎందుకు దారి తప్పాయో దీనివలన తెలుస్తుంది. మోతాదు పెంచుకుంటూ పోతే మెదడులోని శ్వాసకేంద్రం మొద్దుబారి ఊపిరి ముందుగా ఆగుతుంది. ఇంతవరకు లారీ చూసినది నిజమే. కాని ఆస్పత్రిలో చాలామంది పోయినది మత్తు ఇంకా తేలికగా ఉన్నప్పుడు, భయంతో శరీరంలో ఎడ్రినలిన్ పెరిగినప్పుడు. ఇవి రెండు వేర్వేరు మరణాలు.

లారీ ఈ ఖండనలను ఒప్పుకోలేదు. ఈయనకు గల పట్టుదల వేరొక విషయంలోనూ కనిపిస్తుంది. లావెరాన్ కనుగొన్న మలేరియా పరాన్నజీవిని ఈయన నమ్మలేదు. ఆ జీవి దోమ కడుపులో ఉండుటను రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది కూడా లారీ ఉన్న ఊరి ప్రక్కనే, సికింద్రాబాదు బేగంపేటలో!

1901 వరకు హైదరాబాదులో ఉండి స్వదేశానికి వెళ్ళిన లారీ 1915లో మరణించాడు.

నేటి వైద్యములో

క్లోరోఫాం నేడు మత్తుమందుగా వాడుకలో లేదు. కాని ఆ వివాదంలోని రెండు పక్షాలూ హృదయ పునరుజ్జీవన చికిత్సలో కలిసిపోయాయి. గడ్డం పైకెత్తి శ్వాసమార్గం తెరచి ఉంచడం, ఊపిరిని గమనించడం లారీ పక్షం నొక్కిచెప్పినవే. కంపిస్తున్న జఠరికలను విద్యుదాఘాతంతో సరిచేయడం మాక్‌విలియం, లెవీల మార్గం. శస్త్రచికిత్సలో మనిషి గుండెను ఇట్లు తొలిసారి బ్రతికించినది 1947లో అమెరికా వైద్యుడు క్లాడ్ బెక్. ఛాతీ తెరవకుండా పైనుండి నొక్కే పద్ధతి 1960లో ప్రచురితమైంది. వైద్య సిబ్బంది కోసం ఉన్నతస్థాయి హృదయ ప్రాణరక్షణ ప్రమాణాలను అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1974లో వెలువరించింది.

ఆ శిక్షణలో నేడు చెప్పే పద్ధతి ప్రకారం, స్పృహలేని మనిషిలో శ్వాసను, మెడ దగ్గర నాడిని ఒకేసారి, 10 సెకండ్లకు మించకుండా చూడాలి. నాడి లేకపోతే నిమిషానికి 100 నుండి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున ఛాతీని నొక్కాలి. జఠరికలు కంపిస్తుంటే విద్యుదాఘాతం ఇవ్వాలి. ఎడ్రినలిన్‌ను 3 నుండి 5 నిమిషాలకు ఒకసారి 1 మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు. లెవీ పిల్లులను చంపిన మందే ఆగిన గుండెకు ఔషధమవడం ఆశ్చర్యకరం. నొక్కడం వలన గుండె కండరానికి రక్తం చేరాలంటే రక్తనాళాలు ముడుచుకొని పీడనం పెరగాలి, దానికి ఈ మందు సాయపడుతుంది.

హైదరాబాదుకు ఉత్తరాన, శామీర్‌పేట పరిసరాలలో మేడ్చల్ రహదారిపైనున్న దేవరయాంజాల్ ప్రాంగణం 108 అత్యవసర సేవకు కేంద్రంగా పేరుపొందింది. ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అంబులెన్సు సిబ్బందికి ప్రాణరక్షణలో శిక్షణ ఇచ్చినది కూడా ఇక్కడే.

శిష్యులు

లారీ అధిపతిగా ఉన్న పాఠశాలే తరువాతి కాలంలో ఉస్మానియా వైద్య కళాశాల అయింది. స్త్రీలకు అక్కడ ప్రవేశం లభించినది ఈయన కాలంలోనే. 1885లో చేరిన విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. నగరంలోని ఆస్పత్రులలో రోగులకు క్లోరోఫాం ఇచ్చిన ఈమెను ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా చెబుతారు. కమీషన్ల ప్రస్తావన వచ్చినప్పుడు లారీ, బ్రంటన్‌ల పేర్లే వినిపిస్తాయి గాని, ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆ పని చేతులతో చేసిన ఈమెను తలచుకొనేవారు తక్కువ. ఈమె 1909లో ఉన్నత విద్యకై ఎడిన్‌బరో వెళ్ళి, తిరిగివచ్చి హైదరాబాదులోనే పనిచేసింది.