రుద్రమదేవియు అశ్వవిద్యయు

మన కల్వకుర్తి వీథులలో నేడు గుఱ్ఱమును చూచుట అరుదు. పెండ్లి ఊరేగింపునకు తెచ్చిన గుఱ్ఱము బాజాలకు బెదరి కాలు కదిపినచో బాలురందఱు చుట్టును మూగుదురు. ఏడువందల యేండ్లకు పూర్వము ఈ మెట్టనేలల నేలిన రాజులకు గుఱ్ఱపుదళము ముఖ్యమైన బలము. ఆ కాలమున రాజ్యభారము వహించిన రుద్రమదేవి చరిత్రమును, గుఱ్ఱముల నడకలను గూర్చిన కొన్ని సంగతులతో కూడ, మా పాఠకులకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

రుద్రమదేవి కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కుమార్తె. ఆ చక్రవర్తి 1199 మొదలుకొని అఱువది యేండ్లకు పైగా ఓరుగల్లున రాజ్యమేలెను. పుత్రులు లేనందున కుమార్తెనే రాజ్యమునకు అర్హురాలిగా పెంచెను. శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజు అను పురుషనామముతో పేర్కొనబడినది. నిడదవోలు చాళుక్య వంశీయుడగు వీరభద్రుని ఆమె వివాహమాడెను. 1262 ప్రాంతమున పరిపాలన యంతయు ఆమె చేతికి వచ్చెను. స్త్రీ సింహాసన మెక్కుట సామంతులలో అనేకులకు సమ్మతము కాని కాలమది.

రాజ్యమునకు పెంచబడిన బిడ్డకు అశ్వారోహణము తప్పని విద్య. అమరకోశమును వల్లించిన విద్యార్థులకు ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అను ఐదు అశ్వగతుల పేర్లు తెలిసియే యుండును. వీనికి ధారలని పేరు. నేటి శాస్త్రజ్ఞులు ముఖ్యముగా నాలుగు గతులను వివరింతురు. మెల్లని నడకలో నాలుగు డెక్కలును ఒకదాని వెనుక నొకటి నేలను తాకి నాలుగు దెబ్బలు వినవచ్చును. కదము త్రొక్కునప్పుడు ఎదురెదురు మూలల కాళ్లు రెండేసి యొక్కసారి పడును. కావున రెండే దెబ్బలు. దానికంటె వేగమగు దుముకు పరుగున మూడు దెబ్బలు. దౌడులో మరల నాలుగు దెబ్బలుండును గాని, అడుగడుగునకు ఒక క్షణము గుఱ్ఱము నేలను పూర్తిగా విడుచును. నడకలో గంటకు నాలుగు మైళ్లు పోవు గుఱ్ఱము దౌడులో ఇరువదియైదు మైళ్లకు మించి పోగలదు; అయినను ఆ వేగమును చాలసేపు ఓర్వజాలదు.

దౌడులో నాలుగు కాళ్లును గాలిలో నుండునా యను సందేహము బహుకాలము తీఱలేదు. చిత్రకారులు ముందుకాళ్లను ముందునకును, వెనుకకాళ్లను వెనుకకును చాచి వ్రాయుచుండిరి. 1878లో అమెరికాదేశపు కాలిఫోర్నియాలో మైబ్రిడ్జి అను ఛాయాచిత్రకారుడు వరుసగా పండ్రెండు కెమెరాలు నిలిపి చిత్రములు తీయగా నిజము బయల్పడెను. కాళ్లు నాలుగును నేలను విడుచునది నిజమే. కాని అవి చాచబడినప్పుడు గాక పొట్టక్రిందికి ముడుచుకొనినప్పుడే. ఎందఱో కన్నులార చూచియు కానని సంగతి యిది.

గుఱ్ఱపుదళమును నడపువాడు ఈ గతుల నెఱుగవలెను. దూరప్రయాణమున నడకను, కదమును మార్చి మార్చి సాగించి, దౌడును పోరు ముఖమునకు దాచుకొనవలెను. మొదటనే దౌడు తీయించిన రౌతు శత్రువు నెదుర్కొనునప్పటికి అలసిన గుఱ్ఱముపై నుండును. కాకతీయుల కాలమున అశ్వదళాధిపతులకు సాహిణి యను బిరుద ముండెను. గణపతిదేవుని కొలువున కాయస్థ గంగయ సాహిణి అట్టివాడు. మన పొరుగునగల నల్లగొండ సీమలోని పానుగల్లు ఆ కాయస్థుల యేలుబడికి ఒక యెల్లగా నుండెను.

రుద్రమదేవి ఓరుగల్లు రాతికోటను పూర్తిచేయించెను. దేవగిరి యాదవుల నెదిరించెను. బీదరు కోటలో దొరకిన శాసనము ఆమె అధికారము అంతదూరము వ్యాపించినదని చాటుచున్నది. వెనీసు యాత్రికుడగు మార్కోపోలో మోటుపల్లి దేశమును గూర్చి వ్రాయుచు, న్యాయమును, సమాధానమును ప్రేమించిన రాణిగా ఆమెను ప్రశంసించెను.

అయినను ఆమెకు కడపటి యాపద పరదేశమునుండి రాలేదు. తన తండ్రి పెంచిన కాయస్థకుటుంబమునందే పుట్టిన అంబదేవుడు తిరుగబడెను. వృద్ధురాలయ్యు రుద్రమ వెనుదీయలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలోని 1289 నవంబరునాటి శాసనము, ఆమెయు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమును చేరిరని తెలిపి, వారి పుణ్యార్థము ఒక సేవకుడు చేసిన దానమును పేర్కొనుచున్నది. అంబదేవునితో జరిగిన పోరులోనే ఆమె మడిసెనని పండితుల యభిప్రాయము. ఓరుగల్లు సమీపమున బొల్లికుంటలోని రెండు శిలావిగ్రహములు ఆమెవేయని పురాతత్త్వజ్ఞులు 2017లో ప్రకటించిరి. ఒకదానిలో ఆమె గుఱ్ఱముపై నుండి యెడమచేత కళ్లెమును, కుడిచేత కత్తిని పట్టియున్నది. తరువాత ఆమె దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు సింహాసన మెక్కి అంబదేవుని అణచెను.

ప్రియ విద్యార్థులారా, కుడిచేతి కత్తిని అందఱును చూతురు. ఎడమచేతి కళ్లెమును చూచువారు కొలదిమంది. కళ్లెము లేని కత్తికి ఫలము లేదు. గుఱ్ఱముల నోటి కళ్లెమును ఉపమానముగా జెప్పి మన నాలుకను అదుపున నుంచుకొమ్మని యాకోబు తన పత్రికయందు బోధించెను. అంబదేవునకు బలమును, అశ్వములును కొఱతపడలేదు. ఆశను పట్టి నిలుపు కళ్లెమే కొఱతపడెను. పరీక్షలలో గాని, క్రీడలలో గాని, జీవితమున గాని నడువవలసిన చోట నడిచి, పరుగెత్తవలసిన చోట పరుగెత్తు వివేకము మీకు కలుగుగాక యని మేము కోరుచున్నాము.