లూయీ బ్రెయిలీ జీవితం – మన కళ్ళకు ఒక పాఠం

చూపులేని వారికి చదువునిచ్చిన మహనీయుడు లూయీ బ్రెయిలీ. ఆరు చుక్కల లిపి ఆయనదని మనందరికీ తెలుసు. కాని ఆయన చూపు ఎలా పోయిందో కూడా తెలుసుకుంటే మన హాస్టల్ పిల్లలకు మేలు జరుగుతుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

బ్రెయిలీ 1809 జనవరి 4న ఫ్రాన్సు దేశంలో, పారిస్‌కు తూర్పున ఉన్న కూప్‌వ్రే అనే పల్లెలో జన్మించారు. నలుగురు పిల్లల్లో చివరివారు. తండ్రి తోలు పనివారు. గుర్రాలకు జీనులు, కళ్ళేలు కుట్టి కుటుంబాన్ని పోషించేవారు. మనలో కొందరి తాతలు, తండ్రులు వాడే ఆరె, రంపె వంటి పనిముట్లే ఆ ఇంట్లోనూ ఉండేవి. మూడేళ్ళ వయసులో లూయీ తండ్రిలాగే తోలు పని చేయబోగా, పదునైన మొన జారి కంట్లో గుచ్చుకుంది.

ఆ కాలంలో యాంటీబయాటిక్ మందులు లేవు. గాయపడిన కన్ను పోయింది. తరువాత దెబ్బ తగలని రెండో కంటి చూపు కూడా తగ్గసాగింది. అయిదేళ్ళ వయసుకే ఆ పసివాడికి లోకమంతా చీకటైపోయింది. ఒక కంటికి లోతైన గాయమైతే, శరీర రక్షణ వ్యవస్థ మంచి కంటిని కూడా దెబ్బతీసే జబ్బు ఒకటి ఉంది. బ్రెయిలీకి వచ్చినది అదే కావచ్చని నేటి వైద్యులు భావిస్తున్నారు. కాబట్టి ఒక కన్నే కదా అని ఎవరూ ఊరుకోరాదు.

కంట్లో ఏదైనా గుచ్చుకుంటే నలపకూడదు, కడగకూడదు, గుచ్చుకున్నదాన్ని లాగకూడదు. కంటిపై ఒత్తిడి పడకుండా శుభ్రమైన కాగితపు కప్పు అడ్డుపెట్టి వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. సున్నం పడితే మాత్రం క్షణం ఆలస్యం చేయక, కనీసం 20 నిమిషాలు మంచినీళ్ళు ధారగా పోసి కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళాలి.

చూపు పోయిన కొడుకును ఆ తల్లిదండ్రులు ఇంటి మూలన కూర్చోబెట్టలేదు. ఊరి బడికి పంపారు. 1819లో, పదేళ్ళ వయసులో, లూయీ పారిస్‌లోని అంధ బాలల పాఠశాలలో చేరారు. అక్కడ అందరూ ఒకేచోట ఉండి చదువుకునేవారు. ఛార్లెస్ బార్బియే అనే సైనికాధికారి కనిపెట్టిన పన్నెండు చుక్కల రాత గురించి లూయీ అక్కడే తెలుసుకున్నారు. అది వేలికొనకు ఒక్కసారిగా అందేది కాదు. లూయీ దానిని ఆరు చుక్కలకు తగ్గించారు. అప్పటికి ఆయన వయసు 15 ఏళ్ళు. ఆ ఆరు చుక్కలతో 63 గుర్తులు వస్తాయి. 1829లో ఈ లిపిని పుస్తకంగా ప్రచురించారు.

తరువాత అదే పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు. ఆయన లిపిని అక్కడ కొంతకాలం నిషేధించినా విద్యార్థులు రహస్యంగా నేర్చుకున్నారు. 1852 జనవరి 6న, 43 ఏళ్ళ వయసులో, క్షయ వ్యాధితో ఆయన కన్నుమూశారు. రెండేళ్ళ తర్వాత, 1854లో, ఫ్రాన్సు ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది. 1951లో భారతీయ భాషలకు భారతి బ్రెయిలీ రూపొందింది. నేడు తెలుగు కూడా ఆ చుక్కల్లో చదువుకోవచ్చు.

మనం కూడా ఒకే గదిలో పడుకుని, ఒకే కుళాయి దగ్గర ముఖం కడుక్కునే వాళ్ళమే. అందుకే కళ్ళ కలక మనకు త్వరగా అంటుకుంటుంది. కన్ను ఎర్రబడి, గరగరలాడి, పుసి కట్టి, నిద్ర లేచేసరికి రెప్పలు అంటుకుపోతాయి. కలక వచ్చినవారిని చూస్తే రాదు. చేతుల ద్వారా, తువ్వాలు ద్వారా వస్తుంది. కాచి చల్లార్చిన నీటిలో ముంచిన దూదితో పుసి తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చాలావరకు ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది.

రెప్ప అంచున కురుపు లేస్తే పిండకూడదు. గోరువెచ్చని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు, పది నిమిషాల చొప్పున కాపడం పెట్టాలి. వెంట్రుకల మొదట్లో చుండ్రులాగా పొట్టు కడితే రెప్పల అంచులు రోజూ శుభ్రం చేసుకోవాలి.

చూపు మసకబారినా, నొప్పి ఎక్కువైనా, వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా ఆరోజే వార్డెన్ సారుకు చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఆకు పసరు పోయడం ప్రమాదం. డాక్టరు రాయకుండా మందుల షాపులో తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు కంట్లో పుండును ఇంకా ముదరబెడతాయి.

మిత్రులారా! తోలు పనివారి ఇంట పుట్టిన ఒక పిల్లవాడు చీకటిలో ఉండి లోకానికి అక్షరాలు పంచాడు. ఆనాడు ఆయన కంటిని కాపాడే వైద్యం లేదు. నేడు మనకు ఉంది. తిడతారని భయపడి కంటి బాధను దాచుకోకుండా, పక్క మంచం మీది తమ్ముడిని కూడా దాచుకోనివ్వకుండా ఉంటే, అదే మనం ఆ మహనీయునికి అర్పించే నిజమైన నివాళి.