కవి మళ్లీ బాలుడైన వేళ

1936 మార్చిలో రవీంద్రనాథ్ ఠాగూర్ తన నాట్యబృందంతో ఢిల్లీకి వచ్చారు. అప్పటికాయనకు డెబ్బయి నాలుగేళ్లు. విశ్వభారతికి నిధులు కావాలి. ఆ వయసులో ఊరూరా తిరగడం చూడలేక గాంధీజీ 60,000 రూపాయలు సమకూర్పించి, ఆయనను విశ్రమించమని కోరారు. రాజధాని స్మృతిలో నిలిచినది ఈ అలసిన కులపతి రూపమే. నా మనసును ఆకర్షించేది మాత్రం వేరొక ఠాగూర్.

జొరాసంకో భవనంలో నౌకరు సుద్దముక్కతో గీసిన గిరి దాటక, కిటికీలోంచి చెరువునూ మర్రిచెట్టునూ గంటల తరబడి చూసిన బాలుడాయన. 1873లో తండ్రి దేవేంద్రనాథ్ ఆయనను హిమాలయాలలోని డల్హౌసీకి తీసుకువెళ్లి నక్షత్రాలను పరిచయం చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కొత్తలో, కలకత్తా సదర్ వీధిలో ఒక ఉదయం, చెట్ల వెనుక పొడుస్తున్న సూర్యుని చూస్తుండగా లోకంపై తెర తొలగిపోయినట్లు తోచింది. పర్వతాలలో ఆ దర్శనం ఇంకా స్పష్టంగా లభిస్తుందనుకుని డార్జిలింగ్ వెళ్లారు. అక్కడ అది కనిపించలేదు!

తరువాతి జీవితం కఠినమైనది. 1902లో భార్య, మరుసటి ఏడు కుమార్తె రేణుక, 1905లో తండ్రి, 1907లో పదకొండేళ్ల కుమారుడు శమీంద్ర మరణించారు. 1913లో నోబెల్ బహుమతి. ఆపైన దేశదేశాల సభలు, సన్మానాలు, విరాళాల యాత్రలు. ఆంగ్ల సాహిత్య విద్యార్థిగా ఆయన ఆంగ్లోపన్యాసాలు చదివినప్పుడు, చెప్పినదే మరల చెప్పవలసి వచ్చిన మనిషి అలసట నాకు వాటిలో వినిపించింది. లోకం ఆయనను ఋషిని చేసింది; ఋషికి ఆశ్చర్యపడే తీరిక ఎక్కడిది?

విముక్తి కొట్టివేతల రూపంలో వచ్చింది. 1924లో అర్జెంటీనాలో ఉండగా, వ్రాతప్రతిలో కొట్టివేసిన పదాలను గీతలతో కలుపుతూ పోతే పక్షులు, వింత జంతువులు పుట్టుకొచ్చాయి. అరవై ఏడో ఏటికి అది వ్యసనమే అయింది. శిక్షణ లేదు, ఏ బొమ్మ వస్తుందో ముందుగా తెలియదు. 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగింది. రెండు వేలకు పైగా చిత్రాలు వేశారు. కొన్ని ఇక్కడి జైపూర్ హౌస్‌లో ఉన్నాయి. వృద్ధకవి కాలక్షేపమని వీటిని తీసివేసినవారితో నేను ఏకీభవించను. కవిత్వంలో ఆయనకు చేయి తిరిగింది. కుంచె పట్టినప్పుడు తిరగలేదు. అదే ఆయనకు మేలు చేసిందని నా అభిప్రాయం.

1937 వేసవిలో మరల హిమాలయాలకు, ఈసారి అల్మోరాకు వెళ్లారు. పరమాణువులను, నక్షత్రలోకాన్ని సామాన్యులకు వివరించే 'విశ్వపరిచయ్' అక్కడ పూర్తిచేసి, శాస్త్రజ్ఞుడు సత్యేంద్రనాథ్ బోస్‌కు అంకితమిచ్చారు. తండ్రి చూపిన చుక్కలను డెబ్బయి ఆరో ఏట ఆధునిక భౌతికశాస్త్రం చెంత కూర్చుని తిరిగి చదువుకున్నారన్నమాట. పిల్లలకోసం తలాతోకా లేని పద్యాలు వ్రాసి, బొమ్మలు వేసి అచ్చువేయించినది కూడా ఆ ఏడాదే.

ఆ సెప్టెంబరులో స్పృహ కోల్పోయి మృత్యువు అంచుదాకా వెళ్లారు. తేరుకోగానే రంగులు తెప్పించుకుని ఒక చెక్కపలకపై ప్రకృతి దృశ్యం చిత్రించారు. మరో నాలుగేళ్లు జీవించి, 1941 ఆగస్టు 7న తాను పుట్టిన జొరాసంకో ఇంట్లోనే కన్నుమూశారు. ఆ సంవత్సరం వెలువడిన ఆయన పుస్తకాలలో 'గల్పసల్ప' ఒకటి. అవి పిల్లల కథలు.