గోదావరి గట్టున దొరసాని

ధవళేశ్వరమునొద్ద ఆనకట్ట నిర్మాణము 1847లో ప్రారంభమై 1852లో పూర్తియైనది. అంతకు ముందరి గోదావరిని కన్నులార చూచి వ్రాసినవారు అరుదు. అప్పటికి కాలువలు లేవు, లాకులు లేవు. వరద వచ్చిన యేడు పొలములు మునుగుచుండెను. వానలు లేని యేడు బీటలు వారుచుండెను. 1832-33 నాటి ఘోరమైన కరవు తీరి నాలుగేండ్లయినను కాలేదు. అట్టి సమయమున, 1837 మొదలు 1839 వరకు, రాజమహేంద్రవరమున నదీతీరమందలి బంగళాలో కాపురముండి, ప్రతిదినము చూచినదానిని ఇంగ్లండునందున్న తల్లికి జాబులుగా వ్రాసి పంపిన దొరసాని యొకరు కలరు. ఆమె పేరు జూలియా షార్లట్. అప్పటి ఇంటిపేరు థామస్. తరువాతి ఇంటిపేరు మెయిట్లండ్. గ్రంథకర్త్రిగా ఈ రెండవ పేరుతోనే ఆమె ప్రసిద్ధురాలు.

జూలియా 1808లో లండనుకు సమీపమునందున్న రిచ్మండున జన్మించెను. ఆ యింట కలము పట్టుట ఆడువారికి క్రొత్త కాదు. 1778లో ‘ఎవిలీనా’ అను నవలను ప్రకటించి ఇంగ్లండునంతటిని ఆకర్షించిన ఫానీ బర్నీ, జూలియా అమ్మమ్మకు అక్కగారు. జూలియా తల్లి షార్లట్ బారెట్ తరువాతి కాలమున ఆ ఫానీ బర్నీ దినచర్యలను, జాబులను పరిష్కరించి అచ్చువేయించినది. ఇంటిలో జరిగిన చిన్న విషయమునైనను ముచ్చటగా వ్రాసి దూరమునందున్న బంధువులకు పంపుట ఆ కుటుంబమునకు అలవాటు. జూలియాకు పెద్దలిచ్చిన ఆస్తి యిదియే యని చెప్పవచ్చును.

1836లో ఆమె మద్రాసు సివిలు ఉద్యోగియైన జేమ్స్ థామసును వివాహమాడి, ఆ సంవత్సరముననే ఓడయెక్కెను. అప్పటికి సూయజు కాలువ లేదు. ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి మద్రాసు చేరుటకు సుమారు నాలుగు నెలలు పట్టెను. మద్రాసునందలి తెల్లవారి విందులు, వీణెలు లేని పాటకచ్చేరులు, ఒకరినొకరు చూచుకొను మర్యాదలు ఆమెకు త్వరలోనే విసుగు పుట్టించినవి. అక్కడ చాలకాలమునుండి యున్న ఒక దొరసానిని, ఈ దేశమును గూర్చియు ప్రజలను గూర్చియు మీరేమి తెలిసికొంటిరని ఆమె అడుగగా, దైవకృప వలన తానేమియు తెలిసికొనలేదని ఆ దొరసాని బదులు చెప్పెనట! ఈ సంగతిని జూలియా తల్లికి వ్రాసెను. తాను అట్లు ఉండరాదని ఆమె అప్పుడే నిశ్చయించుకొన్నట్లు తరువాతి జాబులు తెలుపుచున్నవి.

1837లో థామసు రాజమహేంద్రవరమునకు జిల్లా జడ్జీగా నియుక్తుడయ్యెను. ఆ న్యాయస్థానముననే అంతకు ముందు చార్లెస్ ఫిలిప్ బ్రౌను పని చేసియుండెను. వేమన పద్యములను బ్రౌను 1829లో అచ్చువేయించిన సంగతి విద్యార్థులెరిగినదే. థామసు దంపతులు వచ్చునప్పటికి బ్రౌను సెలవుపై ఇంగ్లండునందుండెను. ఊరిలో తెల్లవారి కుటుంబములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే. ఎదుట విశాలమైన నది, దూరమున కొండలు; ఆ దృశ్యము ఆమె మనస్సును దోచెను. ఆంగ్లేయులు ఆ కాలమున ‘జెంటూ’ అని పిలుచుచుండిన మన తెలుగును ఆమె మున్షీ నొకనిని పెట్టుకొని నేర్చుకొనసాగెను. ఇంటిలో పనికొక మనిషి. నీళ్ళు తెచ్చువాడు దీపము ముట్టడు, దీపము వెలిగించువాడు పంకా లాగడు. ఈ ఏర్పాటు ఆమెకు ఎంత వింతగా తోచెనో, తెల్లవారు ఏ పనియు స్వయముగా చేసికొనకుండుట మన నౌకర్లకు అంత వింతగా తోచియుండును.

ఆమె కాపురములో పెద్ద సమస్య అతిథులు. ఆనాడు మొఫసలు పట్టణములలో తెల్లవారు దిగుటకు హోటళ్ళు లేవు. పల్లకీలో ప్రయాణము చేయు ఆంగ్లేయుడు, పరిచయమున్నను లేకున్నను, దారిలో కనబడిన దొరగారి బంగళా ముందు దిగుటయే ఆచారము. వచ్చినవారికి మంచము, భోజనము, సంభాషణము అన్నియు సిద్ధముగా నుండవలెను. కొందరు ఒక పూటలో పోవుదురు. కొందరు దినముల కొలది కదలరు. జడ్జీగారు ఉదయముననే కచ్చేరికి పోగా, మిగిలినవారిని రంజింపజేయు భారము గృహిణిపై పడుచుండెను. తెలుగు ఇల్లాండ్రకు అతిథిసేవ క్రొత్త కాదు గాని, మన యిండ్లలో అత్తగారో, ఆడపడుచో ఆ భారమును పంచుకొందురు. జూలియాకు ఆ తోడు లేదు. పైగా చంటిబిడ్డ. అయినను మాట తోచని అతిథులు, మాట ఆపని అతిథులు, వారి వింత యలవాట్లు, ఇవన్నియు ఆమె జాబులలో నవ్వు పుట్టించు చిత్రములుగా మారినవి. విసుగును హాస్యముగా మార్చుకొను శక్తి లేకున్నచో ఆ యొంటరితనము ఆమెను క్రుంగదీసియుండెడిది. జాబు వ్రాసి, దానికి బదులు అందుకొనుటకు మాసముల కొలది ఎదురు చూడవలసిన కాలమది!

మనవారును ఆ బంగళాకు వచ్చుచుండెడివారు. పరివారముతో వచ్చు జమీందారులను, కచ్చేరి ఉద్యోగులను ఆమె ఆసక్తితో చూచెను. వారిని గూర్చియు పరిహాసముగానే వ్రాసెను. ఇచ్చట ఆమె దృష్టిలోని లోపమును చెప్పక తప్పదు. సాటి ఆంగ్లేయుల అహంకారమును ఆమె ఎగతాళి చేసినది నిజము. కాని మన మతమును, ఆచారములను విచారింపకయే తప్పులని తలచినదియు నిజము. ఎదుటివానిని చూచి నవ్వుట సులభము. అతని యింట తానే వింతప్రాణియై యున్నానని గుర్తించుట కష్టము. జూలియా అప్పుడప్పుడు మాత్రమే ఆ గుర్తింపునకు వచ్చెను. ఆ సందర్భములలో వ్రాసిన పుటలే ఆ జాబులలో ఉత్తమమైనవి.

ఆమె కేవలము చూచుచు ఊరకుండలేదు. దంపతులిద్దరును కలిసి రాజమహేంద్రవరమున బాలుర పాఠశాల నొకదానిని స్థాపించిరి. అందు తెలుగును, ఇంగ్లీషును నేర్పించిరి. పెద్దలకొరకు పత్రికలతోను పుస్తకములతోను ఒక పఠనమందిరమును గూడ తెరచిరి. మెకాలే విద్యావిధానపు నివేదిక 1835 నాటిది. మద్రాసు ప్రభుత్వము మొఫసలు చదువులను గూర్చి గట్టిగా పట్టించుకొనుటకు ఇంకను చాలకాలము పట్టెను. రాజమహేంద్రవరమున ప్రభుత్వ పాఠశాల 1853లో గాని రాలేదు. థామసు దంపతుల ఉద్దేశ్యములో క్రైస్తవమత బోధయు కలదు. దానిని వారు దాచలేదు. ఐనను, వీరేశలింగముగారు జన్మించుటకు పది సంవత్సరములకు ముందే ఆయన ఊరిలో తెలుగు పిల్లవారికొరకు పాటుపడిన యొక బడిని ఉపాధ్యాయులు తలచుకొనుట న్యాయమే.

ఆ దినములలోనే, 1837లో, నరసాపురమున బౌడెన్, బీర్ అను ఇద్దరు ఆంగ్ల మిషనరీలు కాపురము పెట్టిరి. స్వదేశమున ఒకరు రాతిపని చేసినవారు, ఒకరు చెప్పులు కుట్టినవారు. కంపెనీ జీతము లేదు, జడ్జీగారి బంగళా లేదు. వారు అచ్చటనే పాతుకొనిపోయిరి. జూలియా కాపురము మాత్రము రెండేండ్లతోనే ముగిసినది. డెల్టా యెండలు పిల్లల ఆరోగ్యమునకు పడలేదు. 1839లో ఆమె రాజమహేంద్రవరము విడిచి బెంగుళూరునకు పోయెను. మరుసటి సంవత్సరమున జేమ్స్ థామసు మరణించెను. ముప్పది యేండ్లు దాటిన కొలదికాలమునకే ఆమె వితంతువై, పిల్లలతో ఇంగ్లండున బ్రదుకు మరల మొదలు పెట్టవలసి వచ్చెను.

తల్లి భద్రపరచిన ఆ జాబులు 1843లో లండనునందు ‘మద్రాసు నుండి జాబులు’ అను పేర వెలువడినవి. ముఖపత్రమున రచయిత్రి పేరు లేదు. ‘ఒక స్త్రీ’ అని మాత్రమే ఉన్నది. 1846లో అవి మరల అచ్చయినవి. అప్పటికామె చార్లెస్ మెయిట్లండ్ అను క్రైస్తవ పండితుని 1842లో పునర్వివాహము చేసికొనియుండెను. వితంతు పునర్వివాహమునకై రాజమహేంద్రవరము మరి నాలుగు దశాబ్దములు వేచియుండవలసి వచ్చినది.

అటుపిమ్మట ఆమె పిల్లలకొరకు కథలు వ్రాసెను. 1852లో ఒక బొమ్మ తన కథను తానే చెప్పుకొను పుస్తకము, 1854లో ఒక కుక్కయు పిల్లియు కలిసి బ్రదికిన కథ. ఈ రెండవది నిజముగా జరిగిన దానిపై ఆధారపడినదని ఆమె ముఖపత్రముననే ప్రకటించెను. కథ చెప్పునది కాప్టెన్ అను కుక్క. దాని యింటికి ఒక పిల్లి వచ్చును. మొదట గుర్రుమనుటయు, గోళ్ళు చూపుటయు. ఒక చూరు క్రింద ఉండక తప్పదు గనుక, క్రమముగా ఒకదాని అలవాటు మరియొకటి ఎరిగి, తుదకు విడువరాని స్నేహితులగును. మన పొయ్యిలో పండుకొను పిల్లికిని, వారి చలిమంట ముందు పండుకొను పిల్లికిని స్వభావమున భేదమేమియు లేదని ఆ పుస్తకము చదివిన తెలుగు బాలునకు తోచును.

గోదావరి గట్టున ఆమె గృహిణియై, వచ్చిపోవు క్రొత్తవారిని చూచి నవ్వినది. ఈ కథలో క్రొత్తగా వచ్చిన దానివలన ఇంటి జంతువు ఎట్లు మారవలసివచ్చెనో చెప్పినది. నడుమ పదునేను సంవత్సరములు గడచినవి. ఒక భర్త పోయెను, ఒక దేశము దూరమయ్యెను. జాబులలో అప్పుడప్పుడు మాత్రమే కనబడిన మెత్తదనము ఈ చిన్న పుస్తకమున మొదటినుండి తుదివరకు ఉన్నది.

దానికి బొమ్మలు వేసినవాడు హారిసన్ వీర్. పిల్లులయందు ఆయనకు గల ప్రేమ అపారము; 1871లో లండనునందలి క్రిస్టల్ పేలసున ఒక గొప్ప పిల్లుల ప్రదర్శనమును జరిపించి ఆయన ప్రఖ్యాతి గాంచెను. దానిని చూచుటకు జూలియా లేదు. ఆమె 1864లోనే, సోమర్సెట్ సీమయందలి స్టోవీ అను పల్లెలో, కన్నుమూసెను.