ఓటమిని పాఠంగా చదువుకున్న మాస్టారు

ఫుట్‌బాల్ అనగానే మనలో చాలామందికి కలకత్తా గుర్తుకొస్తుంది. కాలేజీ జట్టులో ఆడుతున్న నాకూ అంతే. కాని భారత జట్టును ఆసియా క్రీడల్లో రెండుసార్లు విజేతగా నిలిపినవారు హైదరాబాదు స్కూలు మాస్టారని తెలిశాక కొంచెం సిగ్గుపడ్డాను. ఆయనే కీర్తిశేషులు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు ఆటగాళ్ళకు రహీం సాబ్.

రహీంగారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. 1920ల చివర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. బి.ఏ. పూర్తిచేసి, వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని ఉపాధ్యాయులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్లోను, చాదర్‌ఘాట్ హైస్కూల్లోను పనిచేశారు. పేరు తెచ్చినది మైదానమే అయినా, ఆయన చివరిదాకా మాస్టారే అని నాకనిపిస్తుంది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పును ఆ జట్టు వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఈ విజయాల వెనక ఉన్నది ఓపికగా నేర్పిన చదువు. డ్రిబ్లింగు చేయకూడదనే నియమంతో ఆయన పోటీలు పెట్టారు. అక్కడ బంతిని అట్టిపెట్టుకుంటే లాభం లేదు, వెంటనే తోటివాడికి అందించాలి. బలహీనమైన కాలితోనే తన్నాలనే పోటీలు కూడా పెట్టారు. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో ఆడి తీరాలి. చేతకానిదాన్నే పదేపదే చేయించడం మాస్టారి పద్ధతి కాక మరేమిటి?

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో రహీంగారి శిక్షణలో మనవాళ్ళు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడాదే గర్వభంగమైంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీంగారు అంతటితో ఆగలేదు, ఆట అమరికనే మార్చారు. ముందువరుసలోని ఒక ఆటగాణ్ణి కాస్త వెనక్కి జరిపి, పొట్టి పాసులతో ఆడించారు. నాలుగేళ్ళలో ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరాం. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. చివరికి మనది నాలుగో స్థానం.

ఇక 1962 జకార్తా. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తర్వాత రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనక నిలబడి తలతో బంతిని ఆపే పని కష్టమైంది. రహీంగారు అతణ్ణి ఇంటికి పంపలేదు, ముందువరుసకు పంపారు! సెమీఫైనల్లో అతను గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్ళీ అదే కొరియా. స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా హోరెత్తుతోంది. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో స్వర్ణం మనదైంది! తర్వాత 2023 హాంగ్‌చౌ క్రీడల దాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు.

ఆ గెలుపు తర్వాత మాస్టారు ఏడాదైనా బ్రతకలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న కన్నుమూశారు. వయస్సు 53 ఏళ్ళే. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాకగాని మనలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు.

ఈ ఏడు అంతర్ కళాశాల పోటీల్లో మన జట్టు మొదటి రౌండులోనే ఓడింది. తిరుగు బస్సులో రిఫరీని తిట్టాం, ఎండను తిట్టాం, గ్రౌండును తిట్టాం. మా ఆటలో తప్పేమిటని ఒక్కరమూ అడగలేదు, నాతో సహా. హెల్సింకీ తర్వాత రహీంగారు చేసిన పని మేము చేయలేదు. ఆ రోజు ఎడమకాలికి వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకోబోయి నేనే పోగొట్టాను. వచ్చే పోటీల్లోగా ఆ ఎడమకాలి సంగతి చూడాలి.